‘ఎర్‌స్ట్‌వైల్’ – ఒక తొల్లిటి మాట చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల గూర్చి, కోటల గూర్చి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ముప్పయ్యారేళ్లు గుమాస్తాగిరీ చేసిన నాకు దగ్గరగా తెలిసినవి ఫైళ్లు, ఫైళ్లలోని మాటలు మాత్రమే. అందుచేత ఒక మాట చరిత్రనే ఎంచుకున్నాను. ఆ మాట ‘ఎర్‌స్ట్‌వైల్’.

ఈ మాట మనలో ఎవరికీ కొత్త కాదు. జి.వో.లలో ‘ఎర్‌స్ట్‌వైల్ హైదరాబాద్ స్టేట్’ అని చూశాం. సీనియారిటీ జాబితాలలో ‘ఎర్‌స్ట్‌వైల్ కాంపొజిట్ మద్రాస్ స్టేట్’ అని చూశాం. ఇప్పుడు ఇంగ్లీషు పత్రిక తెరిస్తే ‘ఎర్‌స్ట్‌వైల్ వరంగల్ డిస్ట్రిక్ట్’ అని కనిపిస్తుంది. చదువుకున్న మనుమలు కొందరు దీనిని ‘ఎరెస్ట్‌వైల్’ అని పలుకుతూ, అరెస్టుకూ దీనికీ ఏమైనా సంబంధం ఉన్నదా అని అడుగుతుంటారు. ఏ సంబంధమూ లేదు. అయితే ఈ మాటకూ మన పెన్షనుకూ మాత్రం దగ్గరి సంబంధమే ఉన్నది. అది చివరికి చెబుతాను. ముందుగా మాట పుట్టుక.

మాట పుట్టుక

‘ఎర్‌స్ట్‌వైల్’ రెండు మాటల కలయిక. మొదటిది ‘ఎర్‌స్ట్’, రెండవది ‘వైల్’.

పాత ఇంగ్లీషులో ‘ముందు’ అనే అర్థం గల ఒక చిన్న మాట ఉండేది. అదే తరువాత ‘ఏర్’ అనే రూపంలో కవుల చేతిలో మిగిలింది. నేడు మనం వాడే ‘ఎర్లీ’ కూడా ఆ వేరు నుంచి మొలిచినదే. ఆ ‘ముందు’ అనే మాటకు ‘అన్నిటికంటె ముందు’ అని చెప్పే రూపం ‘ఎర్‌స్ట్’. జర్మన్ భాషలో నేటికీ ‘ఎర్‌స్ట్’ అంటే మొదట అనే అర్థం. ఇంగ్లీషులో మాత్రం అది ‘మొదట’ నుంచి మెల్లగా జరిగి ‘పూర్వం’, ‘ఒకప్పుడు’ అనే అర్థానికి వచ్చింది.

రెండవ మాట ‘వైల్’. దీనిని మనం ‘ఉండగా’, ‘చేస్తుండగా’ అనే అర్థంలో నేర్చుకున్నాం. అసలు అది నామవాచకం, కొంతకాలం అని దాని అర్థం. ‘కాసేపు ఆగు’ అనడానికి ఇంగ్లీషువారు ఇప్పటికీ ఆ మాటను అలాగే వాడతారు. కనుక రెండూ కలిస్తే ‘మునుపటి కాలమందు’ అని భావం. పదహారవ శతాబ్దపు నడుమ, 1560ల నుంచి ఈ జంటమాట ఇంగ్లీషు వ్రాతలలో కనిపిస్తుందని నిఘంటుకారులు చెబుతారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. మొదట్లో ఇది విశేషణం కాదు, క్రియా విశేషణం. అనగా నామవాచకం ముందు కూర్చునే మాట కాదు, క్రియకు కాలాన్ని చెప్పే మాట. ‘ఇతడు తొల్లి రాజు కొలువున నుండెను’ అని మన పాత వచనంలో వ్రాసినట్లు, వారు ఆ ‘తొల్లి’ ఉన్న చోట ‘ఎర్‌స్ట్‌వైల్’ అని వ్రాసేవారు. ‘ఎర్‌స్ట్‌వైల్ రాజు’, ‘ఎర్‌స్ట్‌వైల్ రాష్ట్రం’ అని నామవాచకానికి తగిలించే అలవాటు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, 1900 తరువాత వచ్చినది. ఇప్పుడు నిఘంటువు తీసి చూస్తే క్రియా విశేషణానికి ఎదురుగా ‘ప్రాచీన ప్రయోగం’ అని గుర్తు ఉంటుంది. విశేషణం మాత్రం బ్రతికి ఉన్నది. ఒకే మాట ఒక ఉద్యోగంలో రిటైరై, మరొక ఉద్యోగంలో చేరినదన్నమాట!

దీనికి ఒక పెద్ద అన్నగారు కూడా ఉండేవారు. ఆయన పేరు ‘వైలమ్’. అది కూడా ‘వైల్’ నుంచి పుట్టినదే, అర్థం కూడా ‘ఒకప్పుడు’ అనే. పద్నాలుగో శతాబ్దపు కవి ఛాసర్ తన ‘కాంటర్‌బరీ కథల’లో వీరుని కథను ఆ మాటతోనే ఆరంభించాడు. మన పురాణం చెప్పే శాస్త్రులుగారు ‘తొల్లి’ అని గొంతు సవరించుకున్నట్లే. ఆ అన్నగారు కాలం చేశారు. తమ్ముడు సముద్రం దాటి వచ్చి మన కచేరీలలో కుదురుకున్నాడు.

మన తొల్లి, వారి ఎర్‌స్ట్

తెలుగు చదువుకున్నవారికి ఇక్కడ ఒక ముచ్చట. ఇంగ్లీషులో ‘మొదట’ అనే మాట ‘పూర్వం’ అనే అర్థానికి వచ్చిందని చెప్పాను గదా. తెలుగులోనూ సరిగా అదే జరిగింది. ‘తొలి’ అంటే మొదటిది. ‘తొల్లి’ అంటే పూర్వం. మొదట జరిగినదే ముందు జరిగినది, ముందు జరిగినదే ఒకప్పటిది. ఎక్కడి లండను, ఎక్కడి గోదావరి! మనిషి ఆలోచన మాత్రం ఒకే దారిన నడిచింది.

అయితే ఒక తేడా కూడా ఉన్నది. తెలుగులో కాలాన్ని చెప్పే మాటను నామవాచకం ముందు కూర్చోబెట్టాలంటే దానికి తోక తగిలించాలి. అప్పుడు – అప్పటి. నిన్న – నిన్నటి. మునుపు – మునుపటి. తొల్లి – తొల్లిటి. ఇంగ్లీషువారికి ఆ శ్రమ లేదు. మాటను ఉన్నపళాన తెచ్చి ముందు పెట్టేస్తారు. మన ఫైళ్లలో ‘ద దెన్ కలెక్టర్’ అని వ్రాసేవాళ్లం, గుర్తున్నదా? అప్పటి కలెక్టరు గారు అని అర్థం. అక్కడ ‘దెన్’ కూడా క్రియా విశేషణమే, విశేషణం కుర్చీలో కూర్చున్నది. ‘ఎర్‌స్ట్‌వైల్’ కూడా అదే పద్ధతిన కుర్చీ మారింది.

మన కచేరీలలో ఇదే పని చేసే మాటలు మరికొన్ని ఉన్నాయి. ‘మాజీ’ అనేది అరబ్బీ మాట. గడచిపోయినది అని అర్థం, ఉర్దూ ద్వారా మనకు వచ్చింది. మాజీ మంత్రి, మాజీ సర్పంచి, మాజీ సైనికుడు అంటాం గాని మాజీ రాష్ట్రం అనము. ఉర్దూ దస్త్రాలలో ‘సాబిఖ్’ అనే మాట ఉండేది, అది కూడా మునుపటి అని చెప్పేదే. తెలుగు ఉత్తర్వులలో ‘పూర్వపు’ అని వ్రాశాం. ఇక జనం నోట ఉన్నది ‘ఉమ్మడి’. ఉమ్మడి మద్రాసు రాష్ట్రం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ఉమ్మడి నల్లగొండ జిల్లా. ఇంగ్లీషు మాట ‘ఒకప్పుడు ఉండేది’ అని కాలాన్ని చెబుతుంది. తెలుగు మాట ‘అందరం కలిసి ఉండేవాళ్లం’ అని కాపురాన్ని చెబుతుంది. ఆస్తి పంచుకున్న అన్నదమ్ములు కూడా పాత ఇంటిని ‘మా ఉమ్మడి ఇల్లు’ అనే అంటారు. అనువాదకులు ఒకదానికి ఒకటి సరి అనుకుని వ్రాస్తారు గాని, రెండింటి మనసు వేరు.

దొరల ఎగతాళి

పుట్టిన దేశంలో ఈ మాటకు అంత గౌరవం దక్కలేదు. 1926లో ఫౌలర్ అనే ఇంగ్లీషు పండితుడు భాషావాడుకపై పెద్ద గ్రంథం ప్రచురించాడు. అందులో ‘ఎర్‌స్ట్‌వైల్’ వంటి పాతబడిన మాటలను ఒకచోట చేర్చి, ‘వార్డర్ స్ట్రీట్’ అనే శీర్షిక కింద పెట్టాడు. వార్డర్ స్ట్రీట్ లండనులో ఒక వీధి. ఒకప్పుడు అక్కడ పాతకాలపు కుర్చీలు, బల్లలు అమ్మేవారు. కొత్త ఇంట్లో ఒక పాత కుర్చీ తెచ్చి పెట్టి గొప్ప కనబరచినట్లు, కొత్త వాక్యంలో పాత మాట పెట్టి పాండిత్యం చూపుతున్నారని ఆయన ఎగతాళి.

ఆ ఎగతాళి అక్కడి రచయితలకు తగినదేమో నాకు తెలియదు గాని, మన గుమాస్తాలకు తగదు. మనం అలంకారం కోసం ఆ మాట వాడలేదు. మనకు దానితో పని పడింది. ‘పాత ఒక రోత, కొత్త ఒక వింత’ అని సామెత. ప్రభుత్వ కచేరీలో మాత్రం పాత రోత కాదు, అది రికార్డు.

ఒక్క తరంలో ఎన్ని పేర్లు మారాయి!

1947 తరువాత పదేళ్లలో మన దేశపు పటం మారినంతగా ఏ దేశపు పటమూ అంత శాంతంగా మారి ఉండదు. ఐదువందలకు పైగా సంస్థానాలు భారత యూనియన్‌లో కలిశాయి. మన తెలుగునేలనే తీసుకోండి. బనగానపల్లె సంస్థానం 1948లో మద్రాసు రాష్ట్రంలో విలీనమైంది. అదే సంవత్సరపు ఎస్టేట్ల రద్దు చట్టంతో మద్రాసు రాష్ట్రంలోని జమీందారీలు పోయాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తరువాత హైదరాబాదు భారతదేశంలో చేరింది. 1949లో అక్కడ జాగీర్లు రద్దయ్యాయి. ఆ రద్దు రెగ్యులేషన్ పేరులోనే 1358 ఫసలీ అని ఉన్నది. 1950 జనవరి 26న హైదరాబాదు ‘బి’ తరగతి రాష్ట్రమై, నిజాం రాజప్రముఖ్ అయినారు. 1953 అక్టోబరు 1న పదకొండు జిల్లాలు, బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలతో ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైంది. మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రానికి, కన్నడ జిల్లాలు మైసూరుకు పోగా, తెలంగాణ జిల్లాలు ఆంధ్ర రాష్ట్రంతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది.

పటం మీద గీత మారడానికి ఒక్క రాత్రి చాలు. గుమాస్తా సర్వీసు రిజిస్టరు మారడానికి చాలదు. నేను 1970లలో ఉద్యోగంలో చేరినప్పుడు మా సెక్షను సూపరింటెండెంటు గారు నిజాం కాలంలో కొలువు ప్రారంభించినవారు. వారి సర్వీసు రిజిస్టరులో మొదటి పుటలు ఉర్దూలో ఉండేవి. తేదీలు ఫసలీ, నెలల పేర్లు ఆజుర్, దై, బహ్మన్. జీతం హాలీ సిక్కా రూపాయలలో. హాలీ సిక్కా ఏడు రూపాయలు భారత ప్రభుత్వపు ఆరు రూపాయలతో సమానం. అనగా హాలీలో 70 రూపాయల జీతగాడు మన లెక్కలో 60 రూపాయల జీతగాడు. పుట్టిన తేదీ మార్చాలి, జీతం మార్చాలి, గ్రేడు పేరు మార్చాలి. ఏది మార్చినా ‘ఎర్‌స్ట్‌వైల్ హైదరాబాద్ స్టేట్’ అని ఎర్ర సిరాతో ఒక వాక్యం వ్రాయాలి. ఆయన మాకు నేర్పిన పాఠం ఒకటి ఉన్నది. “‘ఎక్స్’ అని వ్రాస్తే మనిషిని గుమ్మం బయటికి సాగనంపినట్లు నాయనా, ‘ఎర్‌స్ట్‌వైల్’ అని వ్రాస్తే పాత కాగితాన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టినట్లు” అనేవారు.

వారి మాటలో చాలా లోతు ఉన్నది. ఆ మాట వ్రాసిన ప్రతి చోటా ఒక హక్కు ఉన్నది. ఆ పాత రాష్ట్రంలో ఈయన ఫలానా తేదీన చేరాడు, ఫలానా పరీక్ష ప్యాసైనాడు, ఫలానా గ్రేడులో ఉన్నాడు. ఆ రాష్ట్రం ఇప్పుడు లేదు. అయినా అది ఇచ్చిన మాట ఉన్నది. లేని రాష్ట్రపు మాటను ఉన్న రాష్ట్రం నిలబెట్టాలి.

‘ఉన్న’ రాష్ట్రం, లేని రాష్ట్రం

ఇక్కడ చట్టం భాషలోని ఒక చమత్కారం చెప్పాలి. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం చూడండి. అందులో హైదరాబాదును ‘ఎర్‌స్ట్‌వైల్’ అనరు. ‘ఎగ్జిస్టింగ్ స్టేట్’ అంటారు, అనగా ‘ఉన్న రాష్ట్రం’. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలోనూ అదే మాట. నియమిత తేదీకి, అనగా 2014 జూన్ 2కు, సరిగ్గా ముందు ఉన్న ఆంధ్రప్రదేశ్‌ను ‘ఎగ్జిస్టింగ్ స్టేట్’ అన్నారు. తరువాత ఏర్పడిన రెండింటిని ‘సక్సెసర్ స్టేట్స్’ అన్నారు.

విడిపోయే రాష్ట్రాన్ని ‘ఉన్న రాష్ట్రం’ అనడమేమిటి? కారణం సులువు. చట్టం వ్రాసే రోజుకు ఆ రాష్ట్రం ఉన్నది. నియమిత తేదీ దాటిన మరునాడు ఉదయం పదిన్నరకు గుమాస్తా కుర్చీలో కూర్చుని ఫైలు తెరిస్తే అది లేదు. చట్టం అక్షరం మారదు, అది ‘ఉన్న’ అనే అంటుంది. గుమాస్తా నిజం వ్రాయాలి గనుక ‘ఎర్‌స్ట్‌వైల్’ అని వ్రాస్తాడు. శాసనసభలకూ కచేరీలకూ మధ్యనున్న ఆ ఒక్క రాత్రిని దాటించే వంతెన ఈ పాత మాట.

ఆ వంతెన మీదుగా ఏమి దాటించారన్నది ముఖ్యం. 1956 చట్టం 115వ సెక్షను మన పెద్దలకు కంఠోపాఠం. ఉద్యోగుల కేటాయింపు, సర్వీసుల ఏకీకరణ అందులో ఉన్నాయి. ఏడవ ఉపసెక్షనుకు ఒక షరతు ఉన్నది. నియమిత తేదీకి ముందు ఉద్యోగికి వర్తించిన సర్వీసు నిబంధనలను, కేంద్ర ప్రభుత్వపు ముందస్తు ఆమోదం లేకుండా అతనికి నష్టం కలిగేలా మార్చరాదు. 2014 చట్టంలోనూ అటువంటి రక్షణే ఉంచారు. పెన్షన్ల బాధ్యతను రెండు రాష్ట్రాల మధ్య ఎలా పంచాలో ఆ చట్టం ఎనిమిదవ షెడ్యూలు చెబుతుంది. రాష్ట్రం పేరు మారిన నెలలో కూడా మన పెన్షను మన ఖాతాలో పడిందంటే ఆ షెడ్యూలు ముందే వ్రాసి ఉంచడం వల్లనే. ‘ఏరు దాటి తెప్ప తగలేసినట్లు’ కాకుండా, తెప్పను ఒడ్డున భద్రంగా కట్టి ఉంచారన్నమాట.

అంతా సాఫీగా జరిగిందని నేను అనను. రెండు ప్రాంతాల సర్వీసులు కలిసినప్పుడు సీనియారిటీ తగాదాలు ఏళ్ల తరబడి నడిచాయి. 2014 తరువాత ఉద్యోగుల కేటాయింపుకు కమలనాథన్ కమిటీ కూర్చోవలసి వచ్చింది. వంతెన ఉన్నంత మాత్రాన ప్రయాణం సుఖమని కాదు. వంతెన లేకపోతే మాత్రం ప్రయాణమే లేదు.

1971లో రెండు సంగతులు

ఈ మాట మనుషులకు తగిలించినప్పుడు ఏమవుతుందో కూడా చరిత్రలో ఉన్నది.

సంస్థానాలు విలీనమైనప్పుడు రాజులకు రాజభరణాలు ఇస్తామని ఒప్పందాలు జరిగాయి, రాజ్యాంగంలోనూ చేర్చారు. 1970 సెప్టెంబరులో రాష్ట్రపతి ఉత్తర్వుతో వారి గుర్తింపును తీసివేశారు. ఆ ఉత్తర్వు చెల్లదని అదే సంవత్సరం డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తరువాత 1971 డిసెంబరులో 26వ రాజ్యాంగ సవరణతో 291, 362 అధికరణాలనే తొలగించారు. రాజభరణాలు పోయాయి. అప్పటి నుంచి పత్రికలలో వారు ‘ఎర్‌స్ట్‌వైల్ రూలర్స్’. ప్రజాస్వామ్యంలో పుట్టుకను బట్టి భరణమేమిటన్న వాదనలో బలం ఉన్నది. ఆ మంచిచెడ్డలు ఇక్కడ మన విషయం కాదు.

అదే 1971లో, మే నెలలో, సుప్రీంకోర్టు ఇంకొక తీర్పు చెప్పింది. బీహారు రాష్ట్ర ఉద్యోగి దేవకీనందన్ ప్రసాద్ కేసు అది. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చే బహుమానం కాదు, నిబంధనల ప్రకారం ఉద్యోగికి దఖలుపడే హక్కు అని అందులో తేల్చారు. రాజుగారి భరణం పోయిన సంవత్సరమే గుమాస్తా పెన్షను హక్కుగా నిలబడింది. రాజుగారికి వచ్చినది రాజై పుట్టినందుకు. గుమాస్తాకు వచ్చినది పని చేసినందుకు.

మరో పదకొండేళ్లకు, 1982 డిసెంబరు 17న, నకారా కేసులో తీర్పు వచ్చింది. దీని గూర్చి మన సంఘంలో తెలియనివారు లేరు. 1979 మార్చి 31 అనే తేదీ పెట్టి, ఆ తరువాత రిటైరైనవారికే కొత్త పెన్షను సూత్రం వర్తిస్తుందని కేంద్ర ప్రభుత్వం అన్నది. అలా పెన్షనర్లను తేదీతో రెండుగా చీల్చడం రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ రోజునే మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం. మన మాటలో చెప్పాలంటే, పెన్షనర్లలో ‘ఎర్‌స్ట్‌వైల్ పెన్షనర్లు’ అని ఒక తరగతిని పుట్టించకూడదని ఆ తీర్పు సారం.

కరణంగారు, తహసీల్దారుగారు

పల్లెల సంగతి వేరు. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మునసబు, కరణం, పటేలు, పట్వారీ పదవులను ప్రభుత్వం రద్దు చేసింది. సుప్రీంకోర్టు కూడా ఆ రద్దును సమర్థించింది. ఆ తరువాతి కాగితాలలో వారు ‘ఎర్‌స్ట్‌వైల్ విలేజ్ ఆఫీసర్స్’. కాగితం మీద అలా వ్రాశాం గాని, ఊళ్లో ఎవరైనా అలా పిలిచారా? చివరి శ్వాస దాకా ఆయన కరణంగారే. పొలం గట్టు తగవు వస్తే రాత్రిపూట ఆయన ఇంటికే వెళ్లేవారు, ఎందుకంటే ఏ సర్వే నెంబరులో ఏ చింతచెట్టు ఉన్నదో ఆయనకు నోటికి వచ్చు.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తహసీల్దారుగారు ఎమ్మార్వో అయినారు. కొన్నేళ్లకు ఎమ్మార్వో మళ్లీ తహసీల్దారు అయినారు. ‘ఎర్‌స్ట్‌వైల్’ అయిన పేరు తిరిగి రావడమూ ఉన్నదని అప్పుడు తెలిసింది. కొట్టివేసిన బోర్డులను అటక మీద ఉంచినవారు తెలివైనవారు!

ఇటీవలి కాలంలో ఈ మాటకు మళ్లీ చేతినిండా పని. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటి అయినాయి, 2019లో ముప్పై మూడు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయినాయి. బ్యాంకులూ అంతే. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అదే రోజున సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసింది. యూనియన్ బ్యాంకు కాగితాలలో ‘ఇ–ఎ.బి.’ అని చూసి అది ఏదో కంప్యూటరు సంబంధమైన ‘ఇ’ అనుకున్నవారు మనలో ఉన్నారు. ఆ ‘ఇ’ ఎలక్ట్రానిక్ కాదు, ఎర్‌స్ట్‌వైల్. నాలుగున్నర శతాబ్దాల మాట అరిగి అరిగి ఒక్క అక్షరమై పాస్‌బుక్కు పక్కన నిలబడింది.

వాడుకలో జాగ్రత్తలు

మనలో చాలామంది ఇప్పటికీ సాటి పెన్షనర్లకు, కుటుంబ పెన్షను తీసుకునే ఆడపడుచులకు అర్జీలు వ్రాసి పెడుతుంటారు. వారి కోసం నాలుగు ముక్కలు.

మొదటిది. ‘లేట్’ అంటే గతించినవారు. ‘ఎర్‌స్ట్‌వైల్’ అంటే పూర్వపు హోదా గాని, పూర్వపు సంస్థ గాని. బ్రతికి ఉన్న మనిషికి మొదటిది వ్రాస్తే లైఫ్ సర్టిఫికెట్టు ఎన్ని ఇచ్చినా చిక్కు తీరదు.

రెండవది. వ్యక్తులకు ‘రిటైర్డ్’ అనే వ్రాయండి. పని పూర్తి చేసి గౌరవంగా దిగినవారని దాని అర్థం. ‘ఎర్‌స్ట్‌వైల్’ను ఊళ్లకు, జిల్లాలకు, రాష్ట్రాలకు, శాఖలకు, బ్యాంకులకు ఉంచండి.

మూడవది. ఆ మాట వ్రాసి ఆగవద్దు. పక్కనే ఇప్పటి పేరు, మారిన తేదీ వ్రాయండి. ‘పూర్వపు ఫలానా జిల్లా, ఫలానా తేదీ నుంచి ఫలానా జిల్లా’ అని ఉంటే ఆఫీసులో కూర్చున్న పాతికేళ్ల కుర్రవాడు ఫైలు వెనక్కి పంపడు. అతనికి తాలూకా అంటే ఏమిటో తెలియకపోవడం అతని తప్పు కాదు.

నాలుగవది. పాత కాగితం పారవేయవద్దు. పాత బ్యాంకు పేరున్న పాస్‌బుక్కు, పాత జిల్లా ముద్ర ఉన్న నియామకపు ఉత్తర్వు, పాత రాష్ట్రపు పేరుతో ఉన్న పి.పి.వో. – ఇవి చిత్తుకాగితాలు కావు. వంతెన ఈ చివర మనం నిలబడి ఉన్నాం, ఆ చివర అవి ఉన్నాయి. ఇంట్లో పిల్లలకు అవి ఎక్కడ ఉన్నాయో ఈ రోజే చూపించండి. మన తరువాత కుటుంబ పెన్షను కోసం కౌంటరు ముందు నిలబడేది మన ఇల్లాలు. ఆమె చేతిలో ఆ కాగితం ఉండాలి.

చివరి మాట

పెన్షనుకూ ఈ మాటకూ సంబంధం చెబుతానన్నాను. ఇంతవరకు చదివినవారికి అది ఈపాటికే అర్థమై ఉంటుంది. మనం పనిచేసిన తాలూకా లేదు, జిల్లా పాత జిల్లా కాదు, రాష్ట్రం పాత రాష్ట్రం కాదు, జీతం పడిన బ్యాంకు పేరు మారింది. మన చుట్టూ ఉన్నవన్నీ ‘ఎర్‌స్ట్‌వైల్’ అయినాయి. వాటిలో మనం చేసిన పని మాత్రం కాలేదు. మనం కొలిపించిన భూమికి ఆ కొలతే నిలిచి ఉన్నది, మనం సంతకం పెట్టిన పట్టా ఆ రైతు మనుమడి చేతిలో ఉన్నది.

‘తొల్లి’ అని మొదలుపెట్టిన పురాణం వినేవాడు ఇప్పటివాడే. నాలుగు వందల ఏళ్లుగా ‘ఎర్‌స్ట్‌వైల్’ చేస్తున్నదీ ఆ పనే. గడచినదాన్ని, జరుగుతున్నదాని పక్కన కూర్చోబెట్టడం. మరొకసారి మీ కాగితాలలో ఈ మాట కనబడితే విసుక్కోకండి. మీ తరఫున మాట్లాడడానికి దూరం నుంచి వచ్చిన పాత సాక్షి అనుకోండి.